తుంటి విరిగిన పెద్దవాళ్ళు, మనం పోగొట్టే రోజులు

మా మామ్మ పడింది నిరుడు శ్రావణమాసంలో. రాజోలు దగ్గర మా ఊళ్ళో ఆ నెలంతా ముసురే, పెరట్లో బావి చుట్టూ గచ్చు పాచి పట్టి ఉంది, తెల్లవారుజామున కళ్ళాపికి నీళ్ళు తోడదామని వెళ్ళిన మనిషి కాలు జారి పక్కకి పడిపోయింది. లేపితే లేవలేకపోయింది. కుడికాలు ఎడమ కాలికంటే కాస్త పొట్టిగా కనిపించింది, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. ఆ రెండు గుర్తులూ కలిసి కనిపిస్తే తుంటి విరిగిందని ఎముకల డాక్టర్లు ఎక్స్‌రే కంటే ముందే అనుమానిస్తారని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఇంట్లో అందరం బెణికిందనే అనుకున్నాం. మా బాబాయ్ పక్క ఊరు వెళ్ళి కట్టు కట్టే ఆయన్ని బండి మీద ఎక్కించుకొచ్చారు. ఆయన ఆకు పసరు, గుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి తొడంతా బిగించి, నలభై రోజులు కదపొద్దని చెప్పి వెళ్ళాడు. ఆరు రోజులు అలాగే ఉంచాం. ఆరో రోజుకి నడుము కింద చర్మం కమిలింది, దగ్గు మొదలైంది, అన్నం ముట్టడం మానేసింది. అప్పుడు 108కి ఫోన్ చేశాం.

ఈ వ్యాసం ఆ ఆరు రోజుల గురించీ, ఆ తర్వాత ఆసుపత్రిలో పోయిన ఇంకో నాలుగు రోజుల గురించీ. నేను డాక్టర్ని కాదు. కానీ మామ్మ మంచం పక్కన కూర్చున్న రోజుల్లో, మా బంధువులు ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తుంటే ఏది నిజమో తేలక, ఈ విషయం మీద జరిగిన పెద్ద పరిశోధనలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను, అర్థం కానివి తెలిసిన ఎముకల డాక్టర్నీ మత్తు డాక్టర్నీ అడిగాను. చదివాక నాకు అర్థమైంది ఒకటే. మేం గంటల తరబడి వాదించుకున్న విషయాల్లో చాలావాటికి పెద్ద తేడా లేదు. అసలు తేడా వచ్చే మూడు నాలుగు విషయాల గురించి ఇంట్లో ఒక్కరం కూడా నోరెత్తలేదు.

ముందు విరిగింది ఏమిటో చూద్దాం. తుంటి అంటే తొడ ఎముక పైకొన. అక్కడ ఒక గుండ్రటి బంతి ఉంటుంది, అది కటి ఎముకలో ఉన్న గిన్నెలో తిరుగుతుంది కాబట్టే మనం కూర్చోగలం, లేవగలం. ఆ బంతికీ కింద ఉన్న పొడుగాటి ఎముకకీ మధ్య సన్నటి మెడ. పెద్దవాళ్ళలో ఈ మెడ దగ్గర విరగడం ఒక రకం, మెడ దిగాక ఎముక లావయ్యే చోట, పెద్ద కండరాలు పట్టుకుని ఉండే గడ్డల దగ్గర విరగడం ఇంకో రకం. ఆసుపత్రిలో మొదటిదాన్ని నెక్ ఫ్రాక్చర్ అంటారు, రెండోదాన్ని ట్రోకాంటర్ ఫ్రాక్చర్ అంటారు. "పక్కింటావిడకి రాడ్ వేశారు, మీ మామ్మకి బాల్ ఎందుకు మార్చాలంటున్నారు, డబ్బుల కోసమేనేమో" అని మా అత్తయ్య అడిగిన ప్రశ్నకి జవాబు ఈ తేడాలోనే ఉంది. బంతికి రక్తం ఎక్కువగా మెడ వెంబడి పాకే సన్నటి నాళాల్లోంచే వెళ్తుంది. మెడ విరిగి ముక్క జరిగిపోతే ఆ నాళాలు దెబ్బతింటాయి, తొడిమ విరిగిన పిందె చెట్టునే ఎండిపోయినట్టు బంతి లోపల్లోపల చచ్చిపోవచ్చు. అందుకని వయసు మళ్ళినవాళ్ళలో దాన్ని అతికించాలని చూడకుండా బంతినే మార్చేస్తారు. కింద గడ్డల దగ్గర విరిగితే అక్కడ రక్తానికి కొరత లేదు, ఎముక అతుక్కుంటుంది, అది వంకరగా, పొట్టిగా అతుక్కోకుండా రాడ్డో ప్లేటో వేసి పట్టి ఉంచుతారు. రెండూ తుంటి విరగడమే అయినా రెండు వేరు వేరు దెబ్బలు, రెండు వేరు వేరు ఆపరేషన్లు.

మరి కట్టు? మా వైపు పుత్తూరు కట్టు పేరు చెప్పి కట్టేవాళ్ళు ప్రతి మండలంలోనూ ఉన్నారు, మణికట్టు బీటలిచ్చినప్పుడు కట్టించుకుని బాగుపడ్డవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు, కాబట్టి కట్టు అనగానే కొట్టిపారేసే మనిషిని కాను. అయితే ఏ కట్టయినా పనిచేయాలంటే విరిగిన చోటుకి పైనున్న కీలునీ కిందున్న కీలునీ కదలకుండా పట్టుకోవాలి. చేతికి అది కుదురుతుంది. తుంటి కీలు పిరుదు కండ లోపల, బాగా లోతున ఉంటుంది, తొడ చుట్టూ ఎన్ని బద్దలు బిగించినా విరిగిన ముక్కలు లోపల కదులుతూనే ఉంటాయి. అంటే మామ్మకి ఆ ఆరు రోజులూ నొప్పి తగ్గలేదు, ఎముక అతకలేదు, పైగా కదలొద్దన్నారు కాబట్టి మంచం మాత్రం మిగిలింది.

ఇక్కడే ఇంకో మాట. పడ్డాక నొప్పితోనైనా కుంటుకుంటూ నడుస్తున్నారని విరగలేదనుకోకండి. మెడ దగ్గర ముక్క జరగకుండా లోపలికి దిగబడిపోయినప్పుడు కొందరు నాలుగడుగులు వేయగలుగుతారు. అలాంటి పగులు మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా. గజ్జల్లో నొప్పి తగ్గకపోతే ఎమ్మారై గానీ సీటీ గానీ తీయించాల్సిందే.

తుంటి విరిగిన పెద్దవాళ్ళలో ఏడాది తిరిగేలోపు నూటికి ఇరవై నుంచి ముప్ఫై మంది దాకా చనిపోతున్నారని చాలా దేశాల లెక్కలు చెప్తున్నాయి. విరిగిన ఎముక నేరుగా ప్రాణం తీయదు. రోజంతా వెల్లకిలా పడుకున్న ముసలి ఒంట్లో కఫం ఊపిరితిత్తుల అడుక్కి చేరి నెమ్ము చేస్తుంది, కదలని కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి అది ఊపిరితిత్తులకి ఎగదన్నవచ్చు, పడక పుళ్ళు పడతాయి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఆకలి చచ్చిపోతుంది, ఉన్న కాస్త కండా రోజురోజుకీ కరుగుతుంది. ఆ చనిపోయినవాళ్ళలో చాలామందికి పడకముందే గుండె జబ్బో, కిడ్నీ జబ్బో, మతిమరుపో ఉంటుందన్నది కూడా నిజం, అందుకే మొత్తం నేరం ఎముక మీదా వేయలేం, ఆపరేషన్ మీదా వేయలేం. "ఆపరేషన్ చేశాక పోయింది" అని ఊళ్ళో చెప్పుకునే ప్రతి కథలోనూ ఆపరేషన్‌కి ముందు ఎన్ని రోజులు మంచంలో ఉందో అడగండి.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. ఆపరేషన్ ఎంత త్వరగా చేయాలి?

ఆలస్యమైనవాళ్ళు ఎక్కువ మంది చనిపోతున్నారని ఆసుపత్రి రికార్డుల ఆధారంగా చేసిన అధ్యయనాలు ఏళ్ళ తరబడి చెప్తూ వచ్చాయి. వినగానే నమ్మేస్తాం. కానీ ఎవరికి ఆలస్యమవుతుంది? ఆయాసం ఉన్నవాళ్ళకి, షుగర్ 400 ఉన్నవాళ్ళకి, గుండె బలహీనంగా ఉందని పంపు కొట్టే తీరు చూడాలన్నవాళ్ళకి. గట్టిగా ఉన్న మనిషిని మర్నాడే బల్ల మీదకి ఎక్కిస్తారు, బలహీనంగా ఉన్న మనిషిని ఆపుతారు. తర్వాత లెక్కేస్తే ఆగినవాళ్ళలో చావులు ఎక్కువ కనపడతాయి. ప్రాణం తీసింది ఆలస్యమా, ముందే ఉన్న జబ్బా? రికార్డులు తిరగేసి ఈ ముడి పూర్తిగా విప్పడం కుదరదు.

విప్పాలంటే చీటీలు వేయాలి. వచ్చిన ప్రతి రోగి పేరు మీదా చీటీ తీసి, ఒక చీటీ వస్తే వెంటనే ఆపరేషన్, ఇంకో చీటీ వస్తే మామూలుగా జరిగే సమయానికి ఆపరేషన్. గట్టివాళ్ళూ బలహీనులూ రెండు వైపులా దాదాపు సమానంగా పడతారు కాబట్టి చివర్లో తేడా వస్తే అది సమయం వల్లనే అని చెప్పొచ్చు. సరిగ్గా ఇలాంటి ట్రయల్ ఒకటి జరిగింది, పేరు హిప్ అటాక్, ఫలితాలు 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. 17 దేశాలు, 69 ఆసుపత్రులు, 2970 మంది రోగులు, మన దేశంలోని ఆసుపత్రులు కూడా అందులో ఉన్నాయి. వెంటనే చేసిన గుంపులో విరిగిందని తేలినప్పటి నుంచి ఆపరేషన్ దాకా మధ్యస్థంగా, అంటే వరసలో సరిగ్గా మధ్యనున్న రోగికి, 6 గంటలు పట్టింది, రెండో గుంపులో 24 గంటలు. 90 రోజుల్లో చనిపోయినవాళ్ళు మొదటి గుంపులో 9 శాతం, రెండోదాంట్లో 10 శాతం. ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు కాబట్టి ప్రాణాల విషయంలో లాభం తేలలేదని రాశారు.

ఇది చదివి "చూశారా, తొందరేం లేదు" అనే డాక్టర్లు కూడా ఉన్నారట. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది. ఆ ట్రయల్ పోల్చింది 6 గంటల్ని 24 గంటలతో. మా మామ్మ ఆపరేషన్ పడ్డ పదో రోజున జరిగింది. పది రోజులూ ఒక్క రోజూ ఒకటేనని ఆ ట్రయల్ ఎక్కడా చెప్పలేదు. చీటీ తీసి సగం మందిని పది రోజులు నొప్పితో పడుకోబెట్టే ట్రయల్‌కి ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అంటే మన ఊళ్ళల్లో జరిగే ఆలస్యం మీద చీటీ ట్రయల్ ఎప్పటికీ రాదు. ట్రయల్ రాలేదు కాబట్టి ఆ ఆలస్యం వల్ల నష్టం లేదనుకోవడం పొరపాటు.

పైగా అదే ట్రయల్‌లో చావుల లెక్క పక్కన ఇంకా చాలా ఉంది. త్వరగా చేసినవాళ్ళలో ఆపరేషన్ తర్వాత మతి తప్పడం 9 శాతం, రెండో గుంపులో 12 శాతం. మూత్రం ఇన్‌ఫెక్షన్లు 8 శాతం, 10 శాతం. ముందుగా లేచి నిలబడ్డారు, ఒక రోజు ముందే ఇంటికి వెళ్ళారు. ఆసుపత్రికి వచ్చేసరికే రక్తపరీక్షలో ట్రోపోనిన్ ఎక్కువగా ఉన్న, అంటే గుండె కండ అప్పటికే దెబ్బతిన్న రోగుల్ని విడిగా తీసి చూస్తే ఇంకా వింత. త్వరగా చేసినవాళ్ళలో 10 శాతం మంది చనిపోతే, ఆగినవాళ్ళలో 23 శాతం. మనం గుండె బాగాలేదని ఎవరినైతే ఎక్కువ ఆపుతామో వాళ్ళకే త్వరగా చేయడం మేలు చేసిందేమో అనిపిస్తుంది కదా. అయితే పెద్ద గుంపులోంచి చిన్న ముక్క తీసి చూసిన లెక్క ఇది, దాన్ని తీర్పులా కాకుండా గట్టి అనుమానంలా పట్టుకోవాలి.

మామ్మకి ఆసుపత్రిలో పోయిన నాలుగు రోజులు ఇలాంటివే. మేం చేరిన చోట గుండె డాక్టరు గారు వారానికి రెండు రోజులే వస్తారు, ఆయన ఎకో, అంటే గుండె స్కాన్, చూసి ఫిట్‌నెస్ రాయనిదే మత్తు ఇవ్వమన్నారు. మామ్మకి పాత గుండె జబ్బేమీ లేదు, ఛాతీనొప్పి లేదు, గురువారం కోసం ఆదివారం నుంచి ఆగాం. హిప్ అటాక్‌లో వెంటనే చేసిన గుంపుకి కూడా జబ్బులు లేకపోలేదు. కానీ ఫిజీషియన్ వచ్చి ఆ పూటే చూసి, సరిచేయాల్సింది ఆపరేషన్‌కి ముందూ వెనకా చూసుకుంటూ నడిపించారు. ఇంకో మాట మా వైపు తరచు వింటాను, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు కాబట్టి అయిదు రోజులు ఆపాలని. ఈ రెండు మాత్రల కోసమే తుంటి ఆపరేషన్ వాయిదా వేయనక్కర్లేదని ఇప్పటి మార్గదర్శకాలు అంటున్నాయి. వార్ఫరిన్ లాంటివి వేరే సంగతి, వాటికి పరీక్ష చేసి, అవసరమైతే విరుగుడు ఇచ్చి ముందుకెళ్తారు. కాబట్టి ఆసుపత్రిలో చేరిన మొదటి గంటలో నేనైతే ఇప్పుడు ఒకటే అడుగుతాను: "ఆపరేషన్ రేపటిలోపు చేస్తారాండీ? చేయకపోతే దేనికోసం ఆగుతున్నాం? అది ఇక్కడ ఎప్పటికి దొరుకుతుంది?" జవాబు "నాలుగు రోజులు" అయితే, ఆ పని ఈ రోజే జరిగే చోటు కాకినాడలోనో రాజమండ్రిలోనో భీమవరంలోనో ఉందేమో కనుక్కోవాలి. మాకు చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, అక్కణ్ణుంచి భీమవరం ఎంతో దూరం లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం కాచుకునే రోజుల్లో కూడా మనవాళ్ళు నది దాటి వైద్యానికి వెళ్ళినవాళ్ళే.

ఇక మేం వాదించుకున్నవి.

మత్తు సంగతి మొదటిది. వెన్నులో ఇస్తే జన్మంతా నడుంనొప్పని పిన్ని, ఫుల్ మత్తు ఇస్తే మళ్ళీ లేవదని బాబాయ్. అమెరికా, కెనడాల్లో 1600 మంది మీద చీటీ తీసి చేసిన రీగెయిన్ ట్రయల్ 2021లో వచ్చింది. 60 రోజులకి చనిపోయినవాళ్ళూ, సొంతంగా నడవలేకపోయినవాళ్ళూ కలిపి వెన్ను మత్తులో 18.5 శాతం, ఫుల్ మత్తులో 18 శాతం. మతి తప్పినవాళ్ళు కూడా రెండు వైపులా దాదాపు సమానం. మత్తు డాక్టరు గారు ఏది మంచిదంటే అది, అంతే.

రెండోది రక్తం. మామ్మకి హిమోగ్లోబిన్ 9 ఉంది. పది దాటించాలని ఎవరో అన్నారు, మా తమ్ముళ్ళు ముగ్గురు పనులు మానుకుని బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరిగారు. 2011లో వచ్చిన ఫోకస్ ట్రయల్‌లో గుండె జబ్బు ఉన్న, లేదా వచ్చే ప్రమాదం ఉన్న 2016 మంది రోగులున్నారు, సగటు వయసు 80 పైనే. ఒక గుంపుకి హిమోగ్లోబిన్ 10కి తగ్గకుండా రక్తం ఎక్కించారు, రెండో గుంపుకి 8కి దిగితేనో, ఛాతీనొప్పి, ఆయాసం లాంటి లక్షణాలు కనిపిస్తేనో ఎక్కించారు. 60 రోజులకి చనిపోయినవాళ్ళూ, సాయం లేకుండా గదిలో ఈ చివర నుంచి ఆ చివరకి నడవలేనివాళ్ళూ ఒక వైపు 35.2 శాతం, ఇంకో వైపు 34.7 శాతం. రెండో గుంపులో సగం కంటే ఎక్కువ మందికి ఒక్క బాటిల్ కూడా అవసరం పడలేదు. అవసరమైనప్పుడు రక్తం ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. అంకె కోసం ఎక్కించాల్సిన పని లేదంటుంది ఈ ట్రయల్.

మూడోది హాఫ్ బాలా, ఫుల్లా. బంతి ఒక్కటే మార్చడమా, గిన్నె కూడా మార్చడమా అని. హెల్త్ అనే ట్రయల్ 2019లో వచ్చింది, పది దేశాల్లో 1495 మంది, పడకముందు సొంతంగా నడిచేవాళ్ళే అందరూ. రెండేళ్ళలో మళ్ళీ ఆపరేషన్ పడ్డవాళ్ళు ఫుల్ గుంపులో 7.9 శాతం, హాఫ్ గుంపులో 8.3 శాతం. ఫుల్ వేయించుకున్నవాళ్ళకి కదలికలు కాస్త మెరుగే గానీ రోగికి తెలిసేంత కాదు. అరవై దాటినా పొలం గట్ల మీద నడిచే మనిషికైతే ఫుల్ గురించి డాక్టర్‌తో మాట్లాడాలి, ఇంట్లోంచి అరుగు దాకా తిరిగే మామ్మకి హాఫ్ సరిపోతుంది. దాని ఖరీదు గురించి మేం చేసిన గొడవలో సగం శక్తి గురువారం దాకా ఎందుకు ఆగాలని అడగడానికి పెట్టి ఉంటే బాగుండేది. సిమెంటు పెట్టి బిగించడం మంచిదా కాదా అన్నదానికి మాత్రం కాస్త స్పష్టమైన జవాబుంది, బ్రిటన్‌లో 1225 మంది మీద చేసి 2022లో ప్రచురించిన ట్రయల్‌లో హాఫ్ బాల్‌ని సిమెంటుతో బిగించినవాళ్ళు కొంచెం మెరుగ్గా ఉన్నారు, బంతి కాడ చుట్టూ ఎముక మళ్ళీ విరగడం కూడా తక్కువ.

ఆపరేషన్‌కి ముందు కాలికి బరువులు వేలాడదీయడం మన దగ్గర ఇంకా చాలాచోట్ల ఉంది. తుంటి విరుగుళ్ళలో దానివల్ల నొప్పి తగ్గుతుందనడానికి ఆధారం లేదని, ఒక విషయం మీద జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష ఎప్పుడో తేల్చింది. నొప్పి నిజంగా తగ్గించేది గజ్జల దగ్గర నరానికి ఇచ్చే మత్తు ఇంజెక్షన్. 49 ట్రయల్స్ కలిపి చూసిన ఇంకో కాక్రేన్ సమీక్షలో, ఇచ్చిన అరగంటలోనే కదిలితే వచ్చే నొప్పి తగ్గిందనీ, మతి తప్పడం కూడా తగ్గిందనీ ఉంది. మామ్మకి బరువులు కట్టారు. ఇంజెక్షన్ సంగతి మాకు తెలియదు, అడగలేదు.

ఈ మతి తప్పడం గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆపరేషన్ అయిన రెండో రాత్రి మామ్మ చనిపోయిన మా తాతయ్యని పిలవడం మొదలుపెట్టింది, సెలైన్ పైపు పీకేసింది, నన్ను చూసి "ఎవరబ్బాయివి, గోదారి గట్టెక్కింది, పశువుల్ని విప్పండి" అంది. 1986 వరద ఆమె కళ్ళ ముందుకి వచ్చిందనుకుంటాను. వార్డులో పక్కవాళ్ళు గాలి సోకిందన్నారు, మా అమ్మ ఏడ్చింది. దీన్నే మన పెద్దవాళ్ళు సంధి అనేవారు, డాక్టర్లు డెలీరియం అంటారు. నొప్పి, నిద్రలేమి, ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొన్ని నిద్రమాత్రలు, కళ్ళజోడు లేక ఏదీ ఆనకపోవడం, ఇవన్నీ కలిసి తెచ్చేది ఇది. పిచ్చి కాదు, చాలామందిలో తగ్గిపోతుంది, కానీ వచ్చిందంటే లోపల ఏదో సరిగా లేదని అర్థం కాబట్టి డాక్టర్‌కి వెంటనే చెప్పాలి. ఇంటివాళ్ళు చేయగలిగింది ఇక్కడ చాలా ఉంది: కళ్ళజోడు పెట్టడం, చెవి మిషన్ ఉంటే పెట్టడం, పగలు కిటికీ తెరిచి కూర్చోబెట్టడం, తెలిసిన మనిషి ఎప్పుడూ పక్కన ఉండి ఇది ఫలానా ఊరు, ఇవాళ ఫలానా వారం అని నెమ్మదిగా చెప్తుండటం. మామ్మ కళ్ళజోడు ఇంట్లోనే మర్చిపోయాం. అది తెచ్చి పెట్టి, మూత్రం ఇన్‌ఫెక్షన్‌కి మందు మొదలుపెట్టిన మూడో రోజుకి మా మామ్మ మాకు తిరిగొచ్చింది.

మంచం దింపడం దగ్గర ఇంట్లో పెద్ద యుద్ధమే అయింది. ఆపరేషన్ మర్నాడే ఫిజియోథెరపీ అమ్మాయి వాకర్ పట్టుకుని వస్తే మా అత్తయ్య గదమాయించి పంపేసింది, "నిన్ననే కోశారు, ఇవాళ నడిపిస్తారా" అని. ప్రేమే అది. కానీ మార్చిన బంతీ, సరిగా వేసిన రాడ్డూ మామూలుగా మర్నాటి నుంచే బరువు మోయడానికే వేస్తారు, ఆపరేషన్ చేసేదే అందుకు. బ్రిటన్ మార్గదర్శకాలు కూడా వైద్యపరంగా అడ్డు లేకపోతే మర్నాడే లేపమంటాయి. నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో 70 దాటిన 397 మందిని చీటీ తీసి, సగం మందిని మామూలు ఎముకల వార్డులో, సగం మందిని వృద్ధుల వైద్యులు నడిపే వార్డులో ఉంచి చూశారు, ఫలితాలు 2015లో వచ్చాయి. ఆపరేషన్లు ఒకటే. చేరినప్పటి నుంచీ తిండి, నొప్పి, మందులు, నడక అన్నీ కలిపి చూసిన రెండో వార్డువాళ్ళు నాలుగు నెలల తర్వాత మెరుగ్గా నడిచారు. మన దగ్గర అలాంటి వార్డులు అరుదు, అయినా ఎముకల డాక్టర్‌తో పాటు ఒక ఫిజీషియన్ రోజూ వచ్చి చూడాలని అడగడం మన చేతిలో ఉన్నదే.

అందరికీ ఆపరేషన్ చేయాల్సిందేనా? నెదర్లాండ్స్‌లో వృద్ధాశ్రమాల్లో ఉండే బాగా చిక్కిపోయిన రోగులు 172 మంది విషయంలో, కుటుంబాలతో కూర్చుని మాట్లాడి వాళ్ళ ఇష్టప్రకారం నడుచుకున్నారు. 88 మంది ఆపరేషన్ వద్దనుకున్నారు. నెల తిరిగేసరికి వాళ్ళలో 83 శాతం మంది చనిపోయారు, చేయించుకున్నవాళ్ళలో 25 శాతం. ఆశ్చర్యం ఏమిటంటే, ఉన్నన్నాళ్ళూ వాళ్ళ జీవన నాణ్యత ఆపరేషన్ అయినవాళ్ళ కంటే తక్కువగా లేదు, నొప్పి బాగా అదుపులో పెట్టారు కాబట్టి. ఇది చీటీ తీసిన అధ్యయనం కాదు, వద్దనుకున్నవాళ్ళు ముందే ఎక్కువ నీరసంగా ఉండి ఉంటారు, 83కీ 25కీ తేడా అంతా ఆపరేషన్ వల్లే అనుకోకూడదు. ఏళ్ళుగా మంచంలో ఉండి, మనుషుల్ని గుర్తుపట్టని స్థితిలో ఉన్న తల్లిని కోయించకుండా నొప్పి లేకుండా సాగనంపుకోవడం తప్పు కాదని మాత్రం ఇది చెప్తుంది. అయితే ఆ నిర్ణయం డాక్టర్‌తో కూర్చుని, మార్ఫిన్ లాంటి నొప్పి మందుల ఏర్పాటు చూసుకుని తీసుకునేది. పడేముందు రోజు దాకా పెరట్లో తిరిగిన మనిషి విషయంలో "ఈ వయసులో ఆపరేషనా" అని ఇంట్లో పడుకోబెట్టడం దీని కిందకి రాదు. మేం చేసింది అదే.

చివరికి మేం పూర్తిగా మర్చిపోయినది ఎముక మందు. నిలబడిన ఎత్తు నుంచి జారి పడితేనే తుంటి విరిగిందంటే ఎముక గుల్లబారినట్టే, దానికి వేరే రుజువు అక్కర్లేదు. ఒకసారి విరిగినవాళ్ళకి రెండో వైపు కూడా విరిగే ప్రమాదం ఎక్కువ. 2007లో వచ్చిన హొరైజన్ ట్రయల్‌లో తుంటి ఆపరేషన్ అయిన 2127 మందిలో సగం మందికి ఏడాదికొకసారి జోలెడ్రోనిక్ యాసిడ్ అనే ఎముక మందుని సెలైన్‌లో ఎక్కించారు, సగం మందికి ఉత్త సెలైన్. కొత్తగా ఏదో ఒక ఎముక విరిగినవాళ్ళు మందు గుంపులో 8.6 శాతం, రెండోదాంట్లో 13.9. చనిపోయినవాళ్ళు 9.6, 13.3. పైన మనం వాదించుకున్న మత్తు, రక్తం, బాల్ లెక్కల పక్కన పెట్టి చూడండి ఈ తేడాని. ఏడాదికి ఒక్క సెలైన్. మా డిశ్చార్జి కాగితంలో ఈ మందు పేరే లేదు, కాల్షియం మాత్రలు మాత్రం రాశారు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్ళకి ఇది ఇవ్వకూడదు, విటమిన్ డి తక్కువుంటే ముందు అది నింపాలి, మొదటిసారి ఎక్కించాక ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు, పళ్ళు పీకించాల్సినవి ఉంటే ముందే చూపించుకోవాలి. ఈ నాలుగూ డాక్టర్ చూసుకుంటారు, పేరెత్తాల్సింది మనం.

విటమిన్ డి ఒక్కటి వేసుకుంటే చాలు కదా అని చాలామంది అడుగుతారు. అమెరికాలో 25,871 మంది మీద జరిగిన వైటల్ ట్రయల్ 2022లో చెప్పింది, విటమిన్ డి వేసుకున్నందువల్ల ఎముకలు విరగడం తగ్గలేదని. కానీ వాళ్ళలో చాలామంది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, విటమిన్ డి పెద్దగా తక్కువ లేనివాళ్ళు. మన దగ్గర అది తక్కువున్నవాళ్ళు చాలా ఎక్కువ. ఏ ట్రయల్ చదివినా అందులో ఉన్నది మనలాంటి మనుషులేనా అని చూడటం ఇందుకే. లోటు ఉన్నప్పుడు పూడ్చుకోవాలి, అది ఎముక మందుకి బదులు కాదు.

పడకుండా చూసుకోవడం గురించి నా దగ్గర ఎక్కువ లేదు, మా ఇంట్లో చేసినవి చెప్తాను. బావి గచ్చు మీద పాచి గీకించి గరుకు పలకలు వేయించాం, పెరటి దొడ్డికి వెళ్ళే దారిలో లైటు, లోపల గోడకి పట్టుకునే రాడ్డు. కాళ్ళకీ నడుముకీ పట్టు వచ్చే వ్యాయామాలు పడిపోవడాన్ని దాదాపు నాలుగో వంతు తగ్గిస్తాయని 108 ట్రయల్స్ కలిపి చూసిన సమీక్ష ఉంది, 2019లోది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడ పక్కన నిలబడి ఒంటికాలి మీద ఆగడం, ఇవి మా అమ్మ రోజూ చేస్తోంది, మొదట్లో ఇరుగుపొరుగు చూస్తారని సిగ్గుపడేది. నిద్రమాత్ర మానిపించాం. లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతున్నాయంటే బీపీ మాత్ర మోతాదు తగ్గించారు డాక్టరు గారు. ఇంకొకటి, నన్ను బాగా ఆలోచింపజేసింది. బ్రిటన్‌లో 70 దాటిన 306 మంది ఆడవాళ్ళకి శుక్లాల ఆపరేషన్ కొందరికి వెంటనే, కొందరికి ఆలస్యంగా చేసి చూస్తే, వెంటనే చేసినవాళ్ళు పడిపోవడం 34 శాతం తగ్గింది. మామ్మకి రెండేళ్ళ నుంచి కుడి కంటికి శుక్లం ఉంది. "ముదరనీ" అంటూ వచ్చాం.

మామ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని వీధి అరుగు దాకా వస్తుంది, అంతకు మించి రాలేకపోతోంది. డిశ్చార్జి అయ్యాక మళ్ళీ వెళ్ళి అడిగితే కార్తీకంలో మొదటి సెలైన్ ఎక్కించారు. రెండోది ఈ కార్తీకంలో. క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ అమ్మ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది, దాని కింద మామ్మ కంటి ఆపరేషన్ తేదీ, ఆ కింద తన సొంత ఎముక సాంద్రత పరీక్ష తేదీ రాసుకుంది.